కూటంవాళ్ల చీటీలు

హలో… ఆ, నేనే అయ్యగారూ, దర్జీ అక్కని… అమ్మయ్య! ప్రార్థన కూటాలు పెట్టొద్దన్నా పెట్టారని పొద్దున పోలీసులు మిమ్మల్ని జీపెక్కించారట కదా. అప్పట్నించీ కాళ్లూ చేతులూ ఆడటం లేదు…

వదిలేశారా? … స్తోత్రం దేవా!

నేనా? కొట్లోనే. పొద్దున్నుంచీ ఒక్క జాకెట్టు కుట్టలేదు…

చీటీలా? … అవే కదా ఇప్పుడు మెడకి చుట్టుకున్నాయి. ప్రార్థన చెయ్యమని మనవాళ్లు రాసిచ్చినవి, పేరూ వీధీ రాసి మరీ. ఇంటి గుర్తులుంటే వచ్చి ప్రార్థన చేస్తానని మీరేగా రాయించారు. నలభై మూడు ఇళ్లు!

ఎక్కడ పెట్టానంటారేంటి? గుండీల డబ్బాలో. పెట్టమన్నది మీరే…

గట్టిగా చెప్పాలా? ఎందుకు?

…

అయ్యగారూ… మీ పక్కన ఎవరో దగ్గారు.

అమ్మగారా? … అమ్మగారికి మగ గొంతెప్పుడు వచ్చిందండీ?

…

ఊరుకోండి… ఏడవకండి, మీకు దణ్ణం పెడతాను. కొట్టారా? … పిల్లల పేరెత్తారా… అయ్యో.

లేదు, తిట్టను. పోయిన ఆదివారం బైబిల్లో ఏలీయా ప్రవక్త గురించి మీరే చెప్పారుగా. కొండ మీద అంతమందిని ఎదిరించినవాడు, రాణి కబురు పంపేసరికి పరుగో పరుగు. చచ్చిపోతానని చెట్టు కింద పడ్డాడు. దేవుడు కసిరాడా? రొట్టె పెట్టించి పడుకోబెట్టాడు. మీకూ అంతే.

ఏంటి? … డబ్బా అక్కడే ఉంచమంటున్నారా?

డబ్బా ఉందండీ. చీటీలు లేవు. మీరు జీపెక్కారని తెలియగానే పొయ్యిలో పెట్టేశా… మీ మీద నమ్మకం లేక కాదు— కాదులెండి, లేకే. బల్లిని చూస్తేనే కేకలేసేదాన్ని, నా భయం నాది. క్షమించండి.

… పేర్లా? వారం వారం కూటంలో ఆ చీటీలు చదివింది నేనేనని వాళ్లకి… చెప్పేశారా.

…

సరే. దర్జీలకి కొలతలు గుర్తుంటాయి గానీ పేర్లెక్కడుంటాయండీ? వాళ్లడిగినా ఇదే చెప్తా. ఎన్నిసార్లడిగినా.

ఆ… జీపు వచ్చింది. ముగ్గురు దిగుతున్నారు.

పారిపోయే దారా? వెనక గోడే కదండీ…

అయ్యగారూ, మీ పక్కనున్నాయనకి చెప్పండి, తలుపు గడియ వెయ్యలేదు, పగలగొట్టక్కర్లేదని.

… ఆ, భయంగానే ఉంది. చాలా. ఉంటానండీ.