లెక్కలోకి రాని చెంచా

"ఆరు చెంచాల్లో అయిదే ఉన్నాయి. పొడుగు కాడది మీరే పోగొట్టారు."

"ఒక్క చెంచా కోసం ఇల్లు పీకి పందిరి వేస్తావేమిటే?"

"పోయిన వారం మీ క్యారియర్‌తో పంపాను. క్యారియర్ వచ్చింది, అది రాలేదు."

భోజనానికి కూర్చోబోతున్న మెకానిక్ ఆగిపోయాడు. పాత యుద్ధ విమానాన్ని నాలుగేళ్లు బాగుచేసి, రేపటి వేడుకలో ఎగరవచ్చని ఆయన ఆ పొద్దున్నే సంతకం పెట్టి వచ్చాడు. నడపబోయేది కూతురు.

"ఏమండీ, అలా అయిపోయారేం?"

"ఆ పాత విమానాల రెక్కకు గుడ్డే కప్పు. అది తొడిగేటప్పుడు అంచులు లోపలికి నొక్కడానికి దాని కాడ వాడాను."

"తర్వాత?"

"మూసే ముందు పనిముట్లు లెక్కపెట్టాను. నలభై రెండూ సరిపోయాయి."

"అందులో నా చెంచా ఉందా?"

"అది పనిముట్టు కాదుగా."

"లోపలే ఉండిపోతే?"

"పైన మలుపు తిప్పేటప్పుడు రెక్కను కదిలించే తీగల మధ్య ఇరుక్కుందంటే, విమానం మన పిల్ల మాట వినదు."



"బయటెక్కడో పడి ఉండొచ్చుగా?"

"ఉండొచ్చు."

"ఊరంతటినీ పిలిచారు. ఆనాడు దాన్ని నడిపిన ముసలాళ్లు కూడా వచ్చేశారు. పిల్లకైతే వారం నుంచి కాలు నేలమీద నిలవడం లేదు."

"నాకు తెలియదుటే?"

కూతురు చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది.

"నాన్నా, రేపు ఎన్నింటికి బయల్దేరదాం?"

ఆయన భార్య వైపు చూశాడు. ఆమె తల ఊపింది.

"రేపు ఎగరడం లేదమ్మా. పొరపాటు నాది. నా సంతకం నేనే కొట్టేసి, రెక్క గుడ్డ కోసి చూస్తాను. వచ్చినవాళ్లకు కూడా నేనే చెబుతాను."