వెనక్కి పోయే పెట్రోలు

2024 జూన్ తొమ్మిది, ఆదివారం. పొద్దున నాలుగు చినుకులు రాలి ఊరించినాయి, పదికల్లా ఎండ మాడు పగలగొట్టింది. ఆ పొద్దు ముద్దనూరులో మమ్మల్ని నడిరోడ్డు మీద నిలబెట్టింది నువ్వేసిన కొత్త పంపే కదప్పా? తారీకుతో సహా చెప్తాండా, రాసుకో వలి బాషా!

తల ఎందుకట్లా ఆడిస్తావు? ముప్పై ఏండ్లుగా మా మనోహరన్న అంబాసిడర్‌కు నువ్వే మేస్త్రీవి. కాదన్నానా? పాత పెట్రోలు పంపు ఎండకు మొరాయిస్తాంటే, కరెంటు పంపు వేద్దాం, పైపులన్నీ మార్చేద్దాం అంటివి. మారిస్తివి. పులివెందుల నుంచి జమ్మలమడుగు చర్చికి పోదామని అన్నను ఎక్కించుకుంటి. ముద్దనూరు దాటితేనా? వెనకంతా నల్లపొగ, లోపల పెట్రోలు కంపు. నాలుగు దగ్గులు దగ్గి పండుకునింది బండి.

డెబ్బై తొమ్మిదేండ్ల మనిషి, మూడు గంటలు టీ అంగడి బల్ల మీద! సూటేసుకుని! ఆ సూటు పెండ్లికి కుట్టించింది. గుడ్డ మద్రాసుది, కుట్టినోడు మాత్రం మీ ప్రొద్దుటూరోడే, జాఫర్ వాళ్ల నాయన... సరే, అది వదిలెయ్. పోయినాడు పాపం మా అన్న. ఇప్పుడు ఆయప్ప కొడుకు జీవన్ కుమార్ కారును ట్రాక్టరుకు కట్టి నీ షెడ్డుకు లాక్కొచ్చినాడంట. నన్నొక మాట అడగాల్నా లేదా?

ఏంది ఆ చేతిలో గడియారం లాంటిది? ప్రెజరు చూసేదా? నాకు చెప్తావా ప్రెజరు గురించి? కడప కాలేజీలో బీయస్సీ, డెబ్బై రెండు బ్యాచి! లెక్చరరు బోర్డు మీద బొమ్మ వేస్తే లేచి పోయి దిద్దినోన్ని. దిద్దినాక తెలిసింది, ఆయప్ప వేసిందే రైటని. అయినా లేచింది నేనొక్కన్నే కదా!

ముల్లు యాడికి పోయింది? ఉండాల్సిన దానికి మూడింతలా? అట్లుంటే కార్బొరేటరు పొంగదా మరి! అదే నేను చెప్పేది, నీ పంపుకు దయ్యం పట్టింది. మార్చి చూసినావా? రెండు మార్లా? ఫిల్టరు? బాగుండాదా... రెగ్యులేటరు?

మరింకేం మిగిలిందప్పా?

పెట్రోలు ట్యాంకుకు తిరిగి పోయే వెనక పైపా? దాని జోలి నీకెందుకు? కింద చీకటి, చొక్కా పాడైతాది. లెయ్, టీ తెప్పిస్తా. వలీ, చెప్తాండా కదా, దూరొద్దు...

సరే. దూరినావు. చూసినావు. నవ్వుకో.

అవునప్పా, అది మా చీనీ తోటలో డ్రిప్పు పైపు కొస మూసే రింగే. నేనే పైపు మడిచి తొడిగినా. నువ్వు పంపు వేసిన మరుసటి రోజు చూస్తి, ముందుకు పోయిన పెట్రోలు మళ్లీ ట్యాంకులోకి కారతాండాది! వెయ్యి అడుగులు బోరేసి చెంబెడు నీళ్లు చూసినోళ్లం. డ్రిప్పు పైపు కొస మడవకుండా వదిలితే మాకు అన్నం దిగదు. మడిస్తేనే కదా చెట్టు చెట్టుకూ నీళ్లు అందేది? మడిచినా. వెనక్కి పోను దోవ లేక అంతా ఇంజను గొంతులోకే తోసుకొస్తాదని నాకేం తెలుసు? కారు చీనీ చెట్టు కాదని బీయస్సీలో చెప్పలేదు.

ఎప్పుడు తెలిసిందా?

ముద్దనూరులోనే. బానెట్ ఎత్తంగానే. పెట్రోలు పొంగి కారతాంటే అప్పుడే తట్టింది. వంగి ఆ రింగు లాగేసుంటే అర్ధగంటలో చర్చిలో ఉందుము. అంతలో అన్న నవ్వినాడు. "ఏం పొడిచినావురా బీయస్సీ ప్రభుదాసూ?" చిన్నప్పటి నుంచి అదే మాట, అదే నవ్వు. టీ తాగేవాళ్లు కూడా నవ్విరి. నా నోట్లోంచి వచ్చేసింది. "నేనేం చేసినా? నీ వలి బాషానే పాత పంపు తెచ్చి కొత్తదని అంటగట్టినాడు."

నవ్వు టక్కున ఆగిపోయింది. డెబ్బై ఏండ్లలో మొదటిసారి మా అన్న నా మాట నమ్మినాడప్పా! ఎట్లా వెనక్కి తీసుకునేది, చెప్పు?

ఆ పొద్దే జీవన్ వచ్చి కారును లాక్కపోయి తోటలో పెట్టి బీగం వేసుకున్నాడు. లేకుంటే ఎప్పుడో ఆ రింగు లాగేసుందును.

ఈ షెడ్డు జాగా మా అన్నదే కదా, తన తర్వాత నీకే అని ఆయప్ప కాగితం రాయించి పెట్టింది నాకు తెలుసు. ఆ గురువారమే దాన్ని చించి వేరేది రాయించినాడు. జూలైలో కన్ను మూసినాడు. నిజం చెప్పడానికి టైము లేదులే నాకు... ఉండింది. నలభై రోజులుండింది.

నిన్న వీలునామా చదివినారు. తోట, కారు కొడుకుకు. ఇల్లు కూతురు సుస్మితకు. వనజమ్మ వదినకు ఆ ఇంట్లోనే మిద్దె మీద గది, బతికినన్నాళ్లు. ఈ జాగా నాకు. "నాకు నిజం చెప్పిన తమ్మునికి" అని రాయించినాడు. నీకేం లేదు వలీ. నీ పేరే లేదు.