ఉత్తరాది కొండల్లో మా క్యారవాను

బస్సు డిపో ఎదుట టీ బల్ల చుట్టూ నలుగురు చేరారు. మంచాలు, పొయ్యి, స్నానాలగది అన్నీ లోపలే ఉండే క్యారవాను ఒకటి దర్జీ కుటుంబం సెలవులకు మాట్లాడుకుంది. దానిని నడిపేవారి పేరు సాయంత్రంలోగా చెప్పాలి. ముప్పై ఏళ్లు బస్సులో నిలబడి టికెట్లు కొట్టి, గత ఏడాది పదవీ విరమణ చేసిన కండక్టరుకు ఆ ముందు సీటు మీద మనసుంది.

"ఇంకెవరినో వెతకడమెందుకురా? పోయిన సెలవుల్లో మీ పిన్నీ నేనూ క్యారవానులోనే కదా ఉత్తరాదంతా చుట్టి వచ్చాం. ఆరు నగరాలు, నాలుగు అభయారణ్యాలు. బండి మీద ఒక్క గీత పడలేదు."

"నువ్వే నడిపావా, బాబాయ్?" అన్నాడు దర్జీ.

"మరి పొయ్యి నడిపిందా? ముప్పై ఏళ్లు డ్రైవరు భుజం మీదుగా చూసినవాణ్ణి. మొదటి నగరంలో ఒక సందు, మా బండి కన్నా జానెడు ఇరుకు. అద్దాలు మడిచాను, మీ పిన్నిని ఊపిరి బిగబట్టమన్నాను, బండిని వత్తిలా సాగదీసి అవతలికి తెచ్చాను. ఇరుపక్కల ఇళ్లవాళ్లు కిటికీల్లోంచి చేతులు చాచి దుమ్ము తుడిచి మరీ పంపారు."

"కడిగి పంపలేదా, అన్నా?" అన్నాడు మెకానిక్కు.

"అక్కడ నీళ్ల ఎద్దడి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కొండదారిలో ఒక మలుపు, ఎంత వంకరంటే, వెనక పొయ్యి దగ్గర టీ కాచి మీ పిన్ని వెనక కిటికీలోంచి చెయ్యి చాస్తే, స్టీరింగు దగ్గరున్న నేను నా కిటికీలోంచి అందుకుని తాగాను. అది దాటితే గడ్డకట్టిన సరస్సు, మంచు చూస్తే ఉల్లిపొరంత. బరువు దానికి తెలిసేలోపు దాటేయాలి, అదే సూత్రం. మేము ఒడ్డెక్కాకగాని మంచుకు సంగతి తెలియలేదు. తెలిశాక సిగ్గుతో ముక్కలైంది."

"చేపలేమన్నాయి, అన్నయ్యా?" అంది టీ కొట్టామె.

"ఒకటి తల పైకెత్తి దారి చెప్పబోయిందమ్మా, నేనే వినలేదు. అసలు విశేషం చివరి అడవిలో. దారికి అడ్డంగా ఎలుగుబంటి, ఈ డిపో గేటంత. ఇంకొకడైతే గుండె జారి చచ్చేవాడు. నేను లేచి నిలబడి, పక్కరేకు మీద అరచేత్తో ఒక్క దెబ్బ కొట్టి 'హోల్డాన్' అన్నాను. బండి ఎక్కడిదక్కడే ఆగింది. నా గొంతు విని ఎలుగుబంటి జంకి, ఒదిగి పక్కకు జరిగింది. మళ్లీ రెండు దెబ్బలు కొట్టి 'రైట్, రైట్' అన్నాను, బండి కదిలింది."

మెకానిక్కు గ్లాసు కింద పెట్టాడు.

"నువ్వు నిలబడి రేకు మీద కొడుతుంటే, బ్రేకు తొక్కినదెవరు, అన్నా?"

కండక్టరు తన గ్లాసు ఎత్తాడు. అందులో టీ లేదు, అయినా తాగాడు.

దర్జీ ఫోను తీశాడు. "బాబాయ్, పిన్ని నడిపే స్కూలు వ్యానుకు సెలవులు ఎప్పటినుంచి?"

"పదో తారీఖు నుంచి," అన్నాడు కండక్టరు. "అడగండి, వస్తుంది. ఎలుగుబంటి మాట మాత్రం ఆవిడ దగ్గర ఎత్తకండి."

"భయపడుతుందా?"

"భయమెందుకురా? ముందు అద్దం ఎదుట కూర్చున్నది ఆవిడే. అది నిజంగా ఉంటే ఆవిడకు కనబడాలి కదా."