ఎనిమిదో కేసు

రాయగడ, 2003. కుటుంబ సలహా కేంద్రంలో ధనశ్రీ శిక్షణకు ఆఖరి రోజు. బల్లకు అవతల పెద్ద కౌన్సిలర్ కృష్ణవేణమ్మ. వరండాలో, పెళ్లాం కుంతిని తీసుకెళ్లడానికొచ్చిన మల్లేశు.

“ఏడు కేసులకీ సంతకం పెట్టేను. ఎనిమిదోది ఏటమ్మి, ఖాళీగా ఉంది?”

“అది కుంతిది మేడమ్.”

“తెలుసు. ‘రాజీ కుదిరింది, మొగుడితో వెళ్లింది’ అని రాయి. సంతకం పెట్టేస్తాను. సోమవారం కొట్పాడ్‌లో ఉద్యోగంలో చేరిపోదువు.”

“ఆవిడ వెళ్తానన్లేదు మేడమ్.”

“వెళ్లనందా?”

“ఏటీ అన్లేదు. నిన్న గంటసేపు కొంగు మెలిపెడతా కూకుంది.”

“మరింకేటి? ఊరుకుందంటే ఒప్పుకున్నట్టే.”

“మీరే కదా మేడమ్ సెప్పేరు, క్లాసులో... వాళ్లు మాటాడకపోతే మనం మాట అందించకూడదని—”

“క్లాసులో సవాలక్ష సెప్తాం! ఎనిమిదీ రాజీ అవ్వాలి. లేదంటే మళ్లీ ఆర్నెల్లు శిక్షణే. మీ నాన్న ఊరుకుంటాడా?”

“ఊరుకోడు. కొట్లో కూకోబెడతాడు. ఇంక గడప దాటనివ్వడు.”

“అమ్మా! అయిందేటి? పొద్దుట్నుంచి ఇక్కడే ఉన్నాను. దాన్ని పంపించీండి.”

“ఉండు మల్లేశూ, అవుతోంది! ...విన్నావా? మిఠాయి కూడా తెచ్చేడు పాపం.”

“కిందటి మాటూ తెచ్చేడు మేడమ్. నేనూ తిన్నాను. నేనే బొట్టెట్టి పంపేను. పది రోజులకి సెయ్యి ఇరిగి వచ్చింది.”

“...రాయి.”

“మేడమ్—”

“రాయమ్మి. రాసి, లోపలి గదిలో పడుకుందిగా, పిలు. బొట్టెట్టి, గాజులేసి, ఆడపిల్లని అత్తారింటికి పంపినట్టు నువ్వే గుమ్మం దాటించాలి. ఇక్కడి పద్ధతి అది.”

“దాటించేసేను.”

“ఏటి?”

“పొద్దున్నే. మీరు రాకముందు. బొట్టెట్టేను. ఆ సేతికి గాజులెక్కలేదు. పెరటి దారంట తీసుకెళ్లి పొట్టంగి బస్సెక్కించేను. అక్కడ నీలవేణని నేస్తం ఉందట. ఇతనికి తెలీదు.”

“నీకు మతి గాని పోయిందా? నా సంతకం లేకపోతే నీ గతేటో—”

“తెలుసు మేడమ్. కాగితం అందుకే ఖాళీగా ఉంచేను.”

“ఎవరైనా సూసేరా?”

“లేదు.”

“బస్సు ఎన్నింటికి సేరతాది?”

“మూడు దాటుతాది.”

“ఇప్పుడు పన్నెండు... పొట్టంగి ఇటు, కల్యాణసింగ్‌పూర్ అటు... ఆ తలుపు తియ్యి. తియ్యమ్మి! ...ఒరే మల్లేశూ! నీ పెళ్లాం మాకు సెప్పకుండా కల్యాణసింగ్‌పూర్ బస్సెక్కేసిందిరా! ఇప్పుడే! పరిగెట్టు, అందుకుంటావు!”