కత్తి సంఘం ఉత్తరం

2004, ఆగస్టు. అరకు ఘాట్ రోడ్డు మీద ఒక మిషన్ బడి. మధ్యాహ్నం. టీచరు లిదియా, కాఫీ నర్సరీ కూలీ ఫల్గుణ.

“మజ్జాన్నం పూట తలుపెందుకు మూసేసేరు టీచరమ్మా?”

“గాలికి.”

“గాలేది? ఆకు కదల్నేదు. సదూకునే గుంటల్ని కూడా ఇళ్లకి తోలేసినట్టున్నారు.”

“వానొచ్చేలా ఉందని పంపేశాను. నువ్వేంటి ఈవేళప్పుడు? నర్సరీలో పని లేదా?”

“వానా? ఎండ పేలిపోతంది కదా.”

“ఏం పని మీద వచ్చావో చెప్పు ఫల్గుణా.”

“భానుని పట్టుకున్నారు.”

“ఏ భాను?”

“ఏ భాను ఏటి టీచరమ్మా. మన భాను. జీపు భాను. మనకి సినిమా తెచ్చినోడు.”

“మెల్లగా మాట్లాడు.”

“మీకు తెలుసా?”

“నాకెలా తెలుస్తుంది?”

“మరయితే మెల్లగా ఎందుకు?”

“పొద్దున్న బస్సు కండక్టరు చెప్పాడు. ఘాట్లో పోలీసు చెకింగ్ జరిగిందని, జీపు ఆపేశారని. అంతే. ఎందుకో నాకు తెలీదు.”

“ఉత్తరం గురించి.”

“ఏ ఉత్తరం?”

“టీచరమ్మా.”

“సరే. సరేలే. విశాఖలో సీడీల షాపులో ఇమ్మన్న ఉత్తరం. అది వాళ్ల చేతిలో పడిందా?”

“సొక్కా జేబులో ఉందట. ఎస్సై తీసి ఒకపాలి సదివేడు, మళ్లీ సదివేడు. ఆ తర్వాత జీపు సీట్లన్నీ కోసి పారేసేరు.”

“సీట్లెందుకు?”

“లోపల తుపాకులున్నాయేమోనని.”

“ప్రభువా.”

“అందులో అంత తప్పు మాటేటుందో నాకు తెలవడం నేదు. నాకు మొత్తం నోటికొచ్చు. ‘పెద్దాయన కొండ దిగి ఎప్పుడొస్తాడు? ఇక్కడ ముప్పై మందిమి ఏడాదిగా ఎదురు చూస్తున్నాం. ఈసారి కోట తగలబడాలి. సరుకు రాగానే భాను చేతికి ఇవ్వండి. ఎవరికీ చెప్పకండి, ముందు మేమే చూడాలి. ఇట్లు, కత్తి సంఘం.’”

“ఆపు. ఇంకోసారి ఆ మాటలు పైకి అనకు.”

“సినిమా గురించే కదా.”

“మనకి సినిమా చూసే గుంపు పేరు. ఈ కొండల్లో పోలీసుకి ‘సంఘం’ అంటే నక్సలైట్లదేనని నీకు తెలీదా? పెద్దాయనంటే ఏ అన్న అనుకుంటాడు? సరుకంటే ఏం సరుకనుకుంటాడు?”

“కోటంటే కింద ఎస్.కోట ఊరేనా అని అడిగేరట. ఎస్.కోటలో ఏది తగలబెడతార్రా అని.”

“సినిమాలో జపాను కోటని చెప్పలేదా వాడు?”

“సెప్పేడు. జపానోడు కూడా మీ దళంలో ఉన్నాడా అని ఇంకోటి కొట్టేరు.”

“కొట్టారా?”

“ఎడం సెయ్యి వాసిపోయింది. గేరు మార్సే సెయ్యి.”

“నువ్వు చూశావా?”

“సూసేను. టేసన్ కిటికీ బయట నుంచి.”

“కిందికి వెళ్లావా నువ్వు?”

“తెల్లారే నడిసెల్లేను, అడ్డదారిన.”

“ఎవరైనా నిన్ను చూశారా?”

“హెడ్డు కానిస్టేబులు పైడయ్య సూసేడు. మంచోడే. మంచినీల్లిచ్చేడు.”

“ఉత్తరం ఎవరు రాశారని అడుగుతున్నారా?”

“అదే అడుగుతన్నారు. అదొక్కటే.”

“వాడేమన్నాడు?”

“దారిలో ఎవులో ఆపి ఇచ్చేరు, మొకం తెల్దన్నాడు.”

“పేర్లు చెప్పలేదా?”

“నేదు.”

“ఒక్క పేరూ?”

“నేదన్నాను కదా.”

“దేవునికి స్తోత్రం.”

“ఆడి సెయ్యి అలగ వాసిపోతే స్తోత్రమేటి టీచరమ్మా?”

“అందుక్కాదు. అందుక్కాదు ఫల్గుణా, నా ఉద్దేశం అది కాదు. కూర్చో. అన్నం తిన్నావా?”

“ఆకలి నేదు.”

“నా మాట విను. పాడువాలో మీ అక్క ఉంది కదా, గంగ. ఇప్పుడే వెళ్లిపో. రోడ్డెక్కకు, కొండ మీంచి ఒరిస్సాలోకి దిగిపో. రెండు నెలలుండి రా.”

“నానెందుకెల్లాలి?”

“సినిమా మీ ఇంటి ముందరే వేసేవాళ్లం. ఊరంతా చూసింది. రేపో మాపో నీ పేరు బయటికొస్తుంది.”

“నాను పారిపోతే అదంతా నిజమనుకుంటారు. భానుని ఇంక వదల్రు.”

“నీ మంచికే చెప్తున్నాను.”

“మరి మీరు? మీరెక్కడికెల్తారు?”

“నేనెందుకు వెళ్లడం?”

“అదే అడిగేను.”

“నా సంగతి వదిలెయ్.”

“ఏటో కాలిన కంపొస్తంది టీచరమ్మా. పిలాస్టిక్కులాగ.”

“పొయ్యి మీద గిన్నె మాడింది.”

“గిన్నె మాడితే ఇలగ రాదు. సరే గాని, ఆ మొదటి భాగం సీడీ ఒకపాలి ఇయ్యండి. దానికే వొచ్చేను.”

“ఎందుకు?”

“ఎస్సైకి సూపిత్తే అయిపోతాది కదా. అట్ట మీద పెద్దాయన బొమ్మున్నాది, కత్తున్నాది, ఎనకాల కోటున్నాది. ఇదిగో బాబూ, ఇదే సినిమా, దీని రెండో భాగం సీడీ నవంబర్లో వస్తదట, దాని గురించే మా గోల అని సెప్తాను. ఎవుడికైనా తెలుస్తాది.”

“ఇప్పుడు కుదరదు.”

“కుదరకపోడమేటి? బీరువాలోనే కదా పెడతారు. బేగి తియ్యండి.”

“లేదు ఫల్గుణా.”

“ఎవులికిచ్చేరు?”

“ఎవరికీ ఇవ్వలేదు. పొద్దున్న కండక్టరు చెప్పగానే... పొయ్యిలో పెట్టేశాను. అట్టతో సహా.”

“కాల్సేసేరా?”

“ఇల్లు వెతుకుతారేమోనని భయమేసింది.”

“కాల్సేసేరా టీచరమ్మా? పెద్దాయన్ని?”

“ఏది దొరికితే అది పొయ్యిలో వేసేశాను. పిల్లల డ్రాయింగులు కూడా. అందరూ కత్తులే గీశారు కదా.”

“మా అమ్మ దేముడమ్మకి కళ్లు సరిగ్గా కనపడవు. అయినా ముందు వరసలో కూకునేది. కింద ఇంగ్లీషు అచ్చరాలు పరిగెడతంటే మీరు తెలుగులో సెప్తన్నారు కదా, అదే ఇనేది. పెద్దాయన సెయ్యి తెగి మంచు కొండెక్కిపోతే ఆ రేతిరి కూడు తిన్నేదు. రెండో భాగంలో ఆయన బతికుండాలని కొండదేవతకి కోడిని మొక్కింది.”

“తెలుసు.”

“ఉన్నదొక్కటే సాక్షం.”

“తెలుసంటున్నాను కదా. నన్నింకేమీ అనకు. నాకో సంగతి ఉంది, ఎవరికీ చెప్పలేదు. మా అన్నయ్య సువార్తరావు లేడూ...”

“గుడిలో పాటలు పాడతాడన్నారు.”

“పాడేవాడు. పన్నెండేళ్ల కిందట వాడి సంచిలో పోలీసులకి అన్నల కరపత్రం ఒకటి దొరికింది. బస్సులో ఎవరో పంచిపెడితే మడిచి పెట్టుకున్నాడు, చదవను కూడా లేదు. పట్టుకుపోయారు, ఎనిమిది నెలలకి తిరిగొచ్చాడు. కుడిచెవి వినపడదు. ఇప్పటికీ ఎవరైనా తలుపు కొడితే లేచి గోడ పక్కకి వెళ్లి నిలబడతాడు. ఒక్క కాగితానికి, ఫల్గుణా. వాడు రాసింది కూడా కాదు.”

“నాకు తెల్దు టీచరమ్మా.”

“అందుకే నీకు చెప్తున్నాను, వెళ్లిపో అని.”

“మీరు ఏడవకండి.”

“ఇంకోటి విను. కోట తగలబడాలన్న మాట సినిమాలో లేదు.”

“నేదా?”

“ఆయన ‘మళ్లీ వస్తాను’ అన్నాడు. అంతే. మీరందరూ ఊపిరి బిగబట్టి చూస్తుంటే మిగతాది నేనే కలిపేశాను. ఈసారి కోట తగలబెడతానన్నాడని. పిల్లలు ఈలలేశారు. నాక్కూడా బాగుందనిపించింది.”

“మరయితే రెండో దాంట్లో కోట తగలబడదా?”

“నాకేం తెలుసు. నేనూ చూడలేదు కదా.”

“పోన్లెండి. బాగా సెప్పేరు. నాకు ఇంకా సెవుల్లో ఉంది.”

“నువ్వింకా కూర్చున్నావేంటి? లే. పొద్దు వాలకముందే కొండ దాటాలి.”

“నాను పాడువా ఎల్లను.”

“మరి?”

“నాలుగ్గంటలకి రమ్మన్నాడు.”

“ఎవరు?”

“ఎస్సై.”

“కిటికీ బయట నుంచి చూశానన్నావు.”

“ముందు బయటే ఉన్నాను. ఆడి మీద ఇంకో దెబ్బ పడితే లోపలికెల్లిపోయేను.”

“లోపలికెళ్లి ఏం చెప్పావు? ఫల్గుణా, ఏం చెప్పావు?”

“మీ పేరు సెప్పలేదు. బడి మాటే ఎత్తలేదు. సినిమా మా ఇంట్లో ఉందన్నాను. ఉత్తరం నానే రాసేనన్నాను.”

“నువ్వా?”

“అయితే సీడీ తీసుకురా, వొచ్చి నా ముందు కూకుని అదే ఉత్తరం మళ్లీ రాయి, అచ్చరాలు కలిత్తే భానుని వదుల్తాను అన్నాడు. తిరిగొస్తానని పైడయ్య పూచీ ఉన్నాడు. రాకపోతే భానుని పెద్ద ఆఫీసర్ల కాడికి పంపేత్తారు.”

“నర్సరీ రిజిస్టర్లో నువ్వు వేలిముద్ర వేస్తావు ఫల్గుణా. నీ పేరు కూడా నీకు రాయడం రాదు.”

“అందుకే మీ కాడికొచ్చేను. మాటలు నోటికొచ్చు, సేత్తో ఎయ్యడమే రాదు. మీరు రాసినట్టే, అచ్చం మీ అచ్చరాల్లాగే నాకు నేర్పండి. దిగెల్లేలోగా ఇంకో గంటుంది.”

“గంటలో ఎవరికీ రాదు.”

“ఆరు ముక్కలే కదా. సీడీ పోయిందంటాను, తిట్లు కాత్తాను. రాత కలిత్తే సాలు.”

“నువ్వు నన్ను ఒక్క మాటైనా అడగలేదు. మీరు రాసిందే కదా, మీరే రండి అని.”

“మీరు భయపడతన్నారు కదా.”

“నీకు లేదా?”

“ఉంది. పలక ఎక్కడుంది?”

“అదిగో, బల్ల కింద. ఇలా ఇవ్వు. బలపం అలా కాదు, ఈ రెండు వేళ్లతో. గట్టిగా నొక్కకు. ముందు ‘పె’. నా చెయ్యి ఎటు తిరిగితే నీ చెయ్యీ అటే.”

“ఇలగేనా?”

“ఇంకొంచెం గుండ్రంగా.”

“వంకరొచ్చింది.”

“మళ్లీ.”

“ఇది మీ అచ్చరంలాగ నేదు టీచరమ్మా.”

“తెలుసు.”

“మీరు సెయ్యి పట్టుకుంటే సరిగ్గా రాదు. నన్నే రాయనియ్యండి.”

“చెరిపెయ్.”

“బాగానే ఉంది కదా, ఇంకోపాలి...”

“చెరిపెయ్ ఫల్గుణా. పలక అక్కడ పెట్టు. కిందికి బస్సు ఎన్నింటికి?”

“మూడింటికి. మీరెందుకు?”

“అక్షరాలు నావి కదా.”