నాగూరు మంచుబండి, నెత్తిమీద పెట్రోలు డబ్బా

దూదేకుల నాగూరు ఉండాడు గదా, పడమటి వీధిలో, ఎండాకాలం కూడా మిలిటరీ టోపీ తియ్యడు చూడు, ఆయనే. ఆయన పట్టాళంలో మెకానిక్కు. ఒక ఏడు ఆయన్ని తీసకపోయి మంచుకొండల మీద వేసినారంట. మంచంటే మన మార్గశిరంలో కంది చేల మీద పడేది కాదమ్మా. వాళ్ళ తాత ఏకిన దూదంతా తెచ్చి దేశం మొత్తం మీద పరిచినట్టు ఉంటదంట. కాలు పెడితే నడుం దాకా దిగబడిపోద్ది. అక్కడ జీపు నడవదు, గుర్రం నడవదు. ఒక బండి ఉంటదంట, మంచుబండి. ముందర రెండు చెక్కలు పడవ మూతిలాగా పైకి వంగి ఉంటాయి, వెనకాల చక్రం బదులు రబ్బరు పట్టా తిరగతా ఉంటది. నూనె కలిపిన పెట్రోలు పోస్తారు దానికి, పాత స్కూటర్లకు పోసేవాళ్ళం చూడు, అట్టా. కొత్త బండేమో రిపేరుకని కిందికి పోయింది. నాగూరు కాడ మిగిలింది పాతది. ఎంత పాతదంటే, ఆయన పట్టాళంలో చేరకముందే దాని సీటు చినిగిపోయి ఉందంట అనుకో.

ఏమైందంటే, ఒకనాడు తెల్లారేసరికి వాళ్ళ గుడారంలో ఒక సిపాయికి ఊపిరి ఆడటంలా. గఢ్వాలోడు, దిల్‌బర్ అంట పేరు, నవ్వబాకండే, వాళ్ళల్లో పెడతారు అట్టాంటి పేర్లు. అంత ఎత్తున ఉంటే ఒక్కోసారి ఊపిరితిత్తుల్లోకి నీళ్ళు చేరతాయంట. ఛాతీ మీద చెవి పెడితే హుక్కా బుడబుడ మన్నట్టు వినపడతాందంట. వైర్‌లెస్‌లో డాక్టరు చెప్పినాడు, వాణ్ణి కిందికి దించకపోతే పొద్దుగూకేదాకా ఉండడు అని. హెలికాప్టరేమో అంత పైకి రాలేదు, అక్కడ గాలి పల్చన. నాలుగు మైళ్ళు కింద చదును నేల ఉండాది, పదకొండింటికి అక్కడ దిగుతాం, పది నిమిషాలే ఉంటాం, ఆ తర్వాత మబ్బు కమ్ముద్ది అన్నారంట హెలికాప్టరోళ్ళు. టైమేమో తొమ్మిదిన్నర. నాగూరు ఇంకేం ఆలోచించలా. దిల్‌బర్‌ని రెండు రగ్గుల్లో చుట్టి, మంచు మీద జారే చక్రాల్లేని చెక్కబండి ఉంటే దాని మీద పడుకోబెట్టి కట్టేసినాడు, దాన్ని మంచుబండి వెనక తగిలించినాడు, సామాన్లు మోసే తాషి అని లడఖీ మనిషి ఒకాయన ఉంటే, నలభై ఏళ్ళాయన, బండలాగా ఉంటాడు, ఆయన్ని తన వెనక ఎక్కించుకున్నాడు. పోనిచ్చినాడు చూడూ, రయ్యిమని!

అర మైలు పోయిందో లేదో, గుర్రు గుర్రు మని, దగ్గి, ఆగింది. ఆ ఇంజను తిప్పేదానికి ఒక తాడు ఉంటది. తాడు లాగినాడు. మోగింది, నాలుగడుగులు వేసింది, మళ్ళా ఆగింది. తాషి ఏమో పెట్రోలు అయిపోయిందా భాయ్ అంటాడు. మూత తిప్పితే స్స్ మంది, తీసి చూస్తే ముప్పాతిక ట్యాంకు ఉండాది. ప్లగ్గు పీకి ఇంజనుకు ఆనించి తాడు లాగినాడు, నిప్పురవ్వ నీలంగా టక్కు టక్కుమని పడతాంది. కానీ ప్లగ్గు మూతి చూస్తే పొడి. తడే లేదు, అంటే పెట్రోలు ఇంజన్లోకి రావటంలా. అప్పుడు నాగూరుకు వాళ్ళ నాయన గుర్తొచ్చినాడంట. మస్తానయ్య, ఆయిలింజన్లు బాగుచేసేవాడు, మీ అత్తకు తెలుసు. ఇంజను ఆగితే ఇంజన్ని తన్నబాకురా నాగూరా, ట్యాంకు కాడ మొదలుపెట్టి నూనె ఏ దారిన వస్తాందో ఆ దారినే నువ్వూ రా, యాడో ఒకచోట అది కూలబడి ఉంటది అనేవాడంట. సరే, ట్యాంకు కాడ మొదలుపెట్టినాడు. ఇందాక మూత తిప్పినప్పుడు స్స్ మని గాలి లోపలికి పీల్చుకుంది గదా, ఆ చప్పుడు మనసులో మెదిలింది. మూతకు సన్న బెజ్జం ఉంటది, గాలి పోయేదానికి. దాంట్లో మంచు గడ్డకట్టింది. గాలి లోపలికి పోకపోతే పెట్రోలు బయటికి ఎట్టా వస్తది? పిన్నీసుతో పొడిచినాడు. తాడు లాగినాడు. మోగింది! తాషి కేకేసినాడంట, వాళ్ళ భాషలో దేవుడికి జై అని.

ఇంకో మైలు పోయినారో లేదో మళ్ళా ఆగింది. ఈసారి పెట్రోలు వచ్చే దారిలో ఇంకొంచెం ముందుకు వచ్చినాడు, ఫిల్టరు ఊడదీసినాడు. లోపల సగ్గుబియ్యంలాగా మంచు గింజలు! పెట్రోల్లో ఎవరో నీటి చుక్క పడనిచ్చినారు. నోటితో ఊది, చంకలో పెట్టి కరిగించి, మళ్ళా బిగించినాడు. మోగింది. పోయినారు. ఒక మలుపు తిరిగినారు. ఆగింది! టైము చూస్తే పదిన్నర దాటింది. చెక్కబండి మీద నుంచి దిల్‌బర్, గొంతు పెగలక పెగలక, దాదా, అంటే అన్నా అని, నన్ను ఇక్కడే దించేసి మీరు పోండి, మబ్బొస్తాంది అన్నాడంట. నోరు ముయ్యరా, నేను పనిలో ఉండాను అని మన తెలుగులోనే గసిరినాడు నాగూరు. వాడికి అర్థమయ్యిందో లేదో గానీ నోరు మూసుకున్నాడు.

ఇంకేం మిగిలింది? పంపు. ఆ పంపు లోపల పల్చటి పొర ఉంటదంట, ఇంజను ఊపిరి ఒక రబ్బరు గొట్టంలోంచి వచ్చి ఆ పొరను ఆడిస్తే అది పెట్రోలు తోడతది. గొట్టం మీద వేలు పోనిచ్చినాడు. ఒంగిన చోట, అడుగున, పగులు! చలికి రబ్బరు ఎండు తాటాకులాగా అయిపోయి నెర్రెలిచ్చింది. టేపు చుడితే ఆ చలికి టేపు అంటదా? అంటలా. గుడ్డ పీలిక కట్టినాడు, బుస్సుమని గాలి పోతానే ఉండాది. వేరే గొట్టం లేదు. నాగూరు మంచులో మోకాళ్ళ మీద కూచున్నాడంట, అర నిమిషం. అంతే, ఎగిరి లేచినాడు. పంపు తోడకపోతే పోయె, పైనుంచి పోస్తే అదే పారదా! పగిలిన గొట్టాన్ని ఇంజను వైపు మడిచి తీగతో బిగించినాడు, గాలి పోకుండా. స్పేరు పెట్రోలు డబ్బా తీసి తాషి చేతుల్లో పెట్టినాడు. పెట్రోలు గొట్టం ఊడదీసి ఒక కొస డబ్బాలో వేసి, రెండో కొస నోట్లో పెట్టి పీల్చి, పుక్కిట నిండా పెట్రోలు ఉమ్మేసి, తీసకపోయి ఇంజనుకు తగిలించినాడు. తాషీ భాయ్, డబ్బా నెత్తిమీద పెట్టుకో, ఏం జరిగినా దించబాకు! తాషి ఎత్తినాడు. తాడు లాగితే ఇంజను మోగిందమ్మా, పెళ్ళి బాజాలాగా మోగింది!

ఇంక చూడండి ఆ పోవటం! గొట్టమేమో పొట్టిది, లాగితే ఊడతాంది. కుడిచేత్తో బండి నడపతా, ఎడమచేత్తో ఆ అతుకు పట్టుకున్నాడు నాగూరు. గ్లౌజు ఉంటే పట్టు తెలియదని తీసి పారేసినాడు. పెట్రోలు వేళ్ళ మీద కారతాంది, ఆ చలిలో పెట్రోలు తగిలితే నిప్పు తగిలినట్టేనంట. ఎగుడుదిగుళ్ళలో తాషి చేతులు దిగితే ఇంజను మూలగతాంది. ఎత్తు, ఎత్తు అని నాగూరు అరుపు, ఎత్తినా, ఎత్తినా అని తాషి అరుపు! చదును నేల కనపడింది. హెలికాప్టరు దిగి ఉండాది, రెక్కలు తిరగతానే ఉండాయి. ఒక జవాను అప్పుడే తలుపు మూస్తాండాడు. నాగూరు బండి ఆపలా, హారను లేదాయె, నోటితోనే కూత పెట్టుకుంటా పోయి దాని పక్కన మంచులో గుచ్చేసినాడు. తలుపు తెరిచినారు. దిల్‌బర్‌ని ఎక్కించినారు. వాడు బతికినాడు, అంతే గాదు, మళ్ళా డ్యూటీకి కూడా వచ్చినాడు.

నాగూరుకు ఎడమచేతి రెండు వేళ్ళ కొసలు పోయినాయి, నల్లబడితే డాక్టరు తీసేసినాడు. తాషికి వారం రోజులు చేతులు దిగలేదంట, అన్నం కూడా ఎవరో తినిపించినారంట, అది మాత్రం నేను నమ్మను. నాగూరు చెప్పినప్పుడు దారి నాలుగు మైళ్ళు. నేను చెప్పేసరికి ఒక్కోసారి ఐదవతది. మీరు రేపు మీ అత్తగారి ఊళ్ళో చెప్పేటప్పుడు పది చేసుకోండి, నాకేం అభ్యంతరం లేదు. డబ్బాను మాత్రం నెత్తి మీద నుంచి దించబాకండి.