వంటింటికీ ముందుగదికీ మధ్య

ఏంట్రా, నీకూ విప్ ఇచ్చారా? మొన్నేగా కౌన్సిలరుగా గెలిచావు, అప్పుడే ఫలానా వైపే చెయ్యెత్తాలని ఉత్తర్వా? బాగుంది సంబడం! కూర్చో. ఆ కుర్చీలో కాదు, దాని కాలు ఊగుతుంది, ఇలా గట్టు మీద కూర్చో. ఊరికే గోళ్ళు కొరక్కు. మా అన్నయ్యా అంతే, ఓటింగు ఉందంటే చాలు, పదివేళ్ళూ నోట్లోనే.

నువ్వు చూళ్ళేదు కదూ వాణ్ణి. దర్జీపని, దాంతోపాటు పార్టీ తరఫున కౌన్సిలరు. మీ తాతయ్యేమో పార్టీకి పట్టణ కార్యదర్శి. ఇద్దరూ చిన్నప్పట్నుంచీ ఒకే కంచం ఒకే మంచం, ఆ స్నేహం మీదే నన్నిచ్చి పెళ్ళి చేశారు. కౌన్సిల్ మీటింగుకి ముందురోజు పార్టీ సభ్యులంతా మన ముందుగదిలోనే చేరేవాళ్ళు. టీలు పెట్టలేక నా చేతులు పడిపోయేవనుకో. మీ తాతయ్యది ఒకటే సూత్రం, "ఈ గడప లోపల ఎంతైనా కొట్టుకుందాం, గడప దాటాక అందరిదీ ఒకటే మాట" అని. అలాంటిది, కాన్పుల ఆసుపత్రి ఎత్తేసి ఆ స్థలం అమ్మేద్దామని పార్టీ అనుకుంది. అన్నయ్య గొంతు చించుకున్నాడు. "నా వార్డు ఆడవాళ్ళకి మాటిచ్చాను బావా, నెలలు నిండిన మనిషిని బస్సెక్కించమంటావా?" "మాటిచ్చింది నువ్వు, గెలిపించింది పార్టీ గుర్తు." "గుర్తుకేశారో, నా మొహం చూసి వేశారో వెళ్ళి అడుగు!" అదీ వరస. మర్నాడు మీటింగులో అన్నయ్య చెయ్యి అవతలివాళ్ళతో పాటు లేచింది. ఒక్క ఓటుతో తీర్మానం వీగిపోయింది, ఆసుపత్రి నిలిచింది.

అన్నయ్యని పార్టీలోంచి ఆరేళ్ళు వెలేశారు. సంతకం మీ తాతయ్యదే. వెలేసినవాడితో పార్టీవాళ్ళెవరూ మాట్లాడకూడదని నియమం, అది ఎప్పుడో పెట్టిందీ ఈయనే! నేను ఏడ్చి ఇల్లు పీకి పందిరేశా. "వాడు నా అన్నయ్యండీ!" అంటే, "నాకు బావ కాదా?" అన్నారు. "మీ అన్నయ్య మనస్సాక్షితోనే పార్టీ మాట దాటాడు, నాకూ తెలుసు. రేపు ఇంకొకడు సంచీ నిండా డబ్బు తీసుకుని దాటి, నాదీ మనస్సాక్షే అంటాడు. వాణ్ణి ఏ మొహంతో అడగను?" ఎవరు రైటంటావా? ఇద్దరూ రైటే. నేనే అడకత్తెరలో పోకచెక్కనయ్యాను.

అయినా అన్నయ్య రావడం మానితేగా! పెరటి తలుపులోంచి వచ్చి, ఇదిగో, ఇప్పుడు నువ్వు కూర్చున్న గట్టు మీదే కూర్చునేవాడు. మీ తాతయ్య ముందుగదిలో పేపరు అడ్డం పెట్టుకుని. నియమం నియమమే మరి, ఒక్క పలుకు లేదు. కాకపోతే నాతో మాట్లాడేటప్పుడు గొంతు పెంచేవారు. "ఏమేవ్, మఫ్లరు లేకుండా తిరిగితే దగ్గు రాక ఏమొస్తుందో మీ అన్నయ్యని అడగవే!" ఇటునుంచి వీడు, "చెల్లాయ్, నా దగ్గు సంగతి సరే, మీ ఆయన బీపీ మాత్ర మింగాడా అడగవే!" "మింగానని చెప్పవే!" "కొత్త చొక్కా కాలరు సరిపోయిందా అడగవే!" "గొంతు పిసికేస్తోందని చెప్పవే!" "పిసికేది కాలరు కాదు, పార్టీ అని చెప్పవే!" అంతే, పేపరు వెనక కిసుక్కుమని నవ్వు. నేను నోరు తెరవాల్సిన పనే లేదు, గరిటె పట్టుకుని నిలబడితే చాలు. "నేనేమన్నా పోస్ట్‌మ్యాన్‌నా?" అని అప్పుడు విసుక్కునేదాన్ని. ఇప్పుడు... ఆ గోల ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి మళ్ళీ వినాలనుందిరా. అన్నయ్య వెళ్ళాక మీ తాతయ్య మెల్లిగా వచ్చి, వాడు తాగిన గ్లాసు చూసి, "ఆరేళ్ళు గడవనీవే, నేనే వెళ్ళి చెయ్యి పట్టుకుని ముందు తలుపులోంచి తీసుకొస్తా" అనేవారు.

ఐదేళ్ళు గడిచాయి. ఆ చలికాలం దగ్గు ముదిరి ఊపిరితిత్తులకి పాకింది. పోయాడు. మేం వెళ్ళేసరికి కుట్టుమిషను పక్కకి జరిపి అక్కడే పడుకోబెట్టారు. వీధిలో పార్టీవాళ్ళు చూస్తుండగానే మీ తాతయ్య గడప దాటి లోపలికొచ్చారు. వాడి తల దగ్గర నిలబడ్డారు. ఇప్పుడైనా "బావా" అని పిలుస్తారేమోనని నేను ఆయన నోటివైపే చూస్తున్నా. ఆయన నావైపు తిరిగారు. ముందుగదిలోంచి వంటింట్లోకి వినపడాలన్నట్టే గొంతు పెంచారు. "అడగవే" అన్నారు. "ఇంకొక్క ఏడాది ఆగలేకపోయాడా, అడగవే మీ అన్నయ్యని."

...

చలిగాలి కొడుతోంది, ఆ పెరటి తలుపు వెయ్యి నాయనా. వద్దులే, గడియ పెట్టకు. దగ్గరికి వెయ్యి చాలు.